జెరండ్ ఎక్కడ, ‘టు’ ఎక్కడ? టెట్ ఇంగ్లీషులో ఎప్పటికీ తేలని సందేహం

ప్రశ్న: దేవరకొండ చదువరి

అందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ వరకు తెలుగు మీడియంలో చదివి, డీఎడ్ పూర్తి చేసి, ఇప్పుడు టెట్ మొదటి పేపరుకు సిద్ధమవుతున్నాను. 150 మార్కుల పేపరులో ఇంగ్లీషుకు 30 మార్కులు ఉన్నాయి. మిగిలిన విభాగాల గురించి నాకు పెద్దగా భయం లేదు గాని, ఇంగ్లీషు వ్యాకరణంలో మాత్రం ఒకే ఒక్క చోట వారం వారం మార్కులు పోతున్నాయి. ఒక క్రియ తరువాత ఇంకొక క్రియ వచ్చినప్పుడు ఆ రెండవ దానికి చివర ‘ఇంగ్’ చేర్చాలా, ముందు ‘టు’ పెట్టాలా అన్నది నాకు ఎంతకూ తేలడం లేదు.

నేను వెళ్లే కోచింగ్ సెంటరులో రెండు పేజీల జిరాక్సు ఇచ్చి కంఠస్థం చేయమన్నారు. అందులో ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్, మైండ్, డినై వంటివి ఒక పక్కన, వాంట్, హోప్, డిసైడ్, ప్రామిస్, రెఫ్యూజ్ వంటివి మరొక పక్కన ఉన్నాయి. దేవరకొండ నుంచి నల్లగొండకు బస్సులో పోతూ వస్తూ వారం రోజులు వల్లించాను. ఆ ఆదివారం పరీక్షలో ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ... యూ’ అన్న ఖాళీ వచ్చింది. ముందు ‘టు’ కనబడుతున్నది కాబట్టి నిశ్చింతగా ‘మీట్’ అని గుర్తు పెట్టి వచ్చాను. సరైన జవాబు ‘మీటింగ్’ అని చెప్పినప్పుడు, ‘టు’ ఉన్నా ‘ఇంగ్’ వస్తుందంటే ఇక ఆ జిరాక్సు ఎందుకనిపించింది.

ఇంతకంటే ఇబ్బంది పెట్టేవి మరికొన్ని ఉన్నాయి. స్టాప్, రిమెంబర్, ఫర్గెట్, ట్రై, రిగ్రెట్ అనే మాటలు ఆ జిరాక్సులో రెండు పక్కలా ఉన్నాయి. అచ్చు తప్పేమోనని అడిగితే, రెండూ కరెక్టేనని, అర్థం మారుతుందని చెప్పారు. ఎలా మారుతుందో వివరించే సమయం ఆ తరగతిలో దొరకలేదు. నేనే తెలుగులో అనుకుని చూసుకుందామని ‘ఈత కొట్టడం నేర్చుకున్నాను’ అన్న వాక్యాన్ని తీసుకుని, ‘కొట్టడం’ అంటే ‘ఇంగ్’ అనుకుని ‘లర్న్డ్ స్విమ్మింగ్’ అని పెడితే, కీలో ‘లర్న్డ్ టు స్విమ్’ అని ఉంది. పోనీ ‘ఇంగ్’ ఉన్నదంతా జెరండేనా, అంటే క్రియను పేరుగా మార్చిన రూపమేనా అంటే, ‘షి ఈజ్ రీడింగ్’ అన్నది జెరండ్ కాదని అంటున్నారు. జాబితా బట్టీ పట్టకుండా, ఎందుకు అలా వస్తుందో తెలుసుకుని రాసే మార్గం ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు 1: మిర్యాలగూడ ట్యూషన్ సార్

చదువరి గారూ, మీ ‘లుక్ ఫార్వర్డ్’ సంగతి ఒక్కటి నేను చెప్పగలను, మిగతావి పెద్దలు చెబుతారు. ఇంగ్లీషులో ‘టు’లు రెండు. ఒకటి క్రియ ముందు పెట్టే గుర్తు మాత్రమే. ‘వాంట్ టు గో’లో ఉన్నది అది. రెండవది ఇన్, ఎట్, ఆఫ్ లాంటి ప్రిపొజిషన్. ‘నల్లగొండకు’ అన్నప్పుడు మనం వాడే ‘కు’ వంటిది. ప్రిపొజిషన్ తరువాత క్రియ నేరుగా రాదు, నామవాచకమైనా రావాలి, లేదా క్రియకు ‘ఇంగ్’ చేర్చి నామవాచకంగా మార్చిన జెరండైనా రావాలి. దీనికి మినహాయింపులు వెతుక్కునే పని లేదు. ‘గుడ్ ఎట్ డ్రాయింగ్’, ‘ఇంటరెస్టెడ్ ఇన్ టీచింగ్’, ‘వితౌట్ ఆస్కింగ్’, ‘బిఫోర్ ఈటింగ్’, ‘టైర్డ్ ఆఫ్ వెయిటింగ్’ అన్నీ ఇదే దారిలో నడుస్తాయి.

ఎదురుగా ఉన్న ‘టు’ ఏ రకమో తేల్చడానికి మా పిల్లలకు ఒక పరీక్ష నేర్పుతాను. ఆ ‘టు’ తరువాత క్రియ స్థానంలో ‘ఇట్’ పెట్టి చదవండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ అంటే వాక్యం చక్కగా నిలబడుతుంది, కాబట్టి అది ప్రిపొజిషన్, తరువాత ‘మీటింగ్’ రావాలి. ‘ఐ వాంట్ టు ఇట్’ అంటే నిలబడదు, కాబట్టి అది క్రియ ముందు గుర్తు, తరువాత ‘మీట్’ రావాలి. ‘ఆబ్జెక్ట్ టు’, ‘అకస్టమ్డ్ టు’, ‘డివోటెడ్ టు’, ‘అడిక్టెడ్ టు’, ‘ఇన్ అడిషన్ టు’ అన్నింటికీ ఈ పరీక్ష పెట్టి చూడండి.

జవాబు 2: వనపర్తి విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, నీ ప్రశ్న చదివి సంతోషమైంది. ‘ఎందుకు’ అని అడిగేవారు నాకు ముప్పై ఏళ్ల సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే తగిలారు. మిర్యాలగూడ సార్ చెప్పిన ‘ఇట్’ పరీక్ష మంచిది, దాన్ని వదలవద్దు. దానికి తోడు నేను ఇంకొక పనిముట్టు ఇస్తాను. అది నీ దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే, కానీ బడిలో అడుగుపెట్టిన రోజునే మనందరం దాన్ని గడప బయట వదిలి వస్తాం.

ఇంటి దగ్గర మనం ఎలా మాట్లాడుతామో ఒకసారి గుర్తు చేసుకో. పుస్తకంలో ‘తాగడం, తినడం, పోవడం’ అని రాస్తాం గాని, నోటితో ‘తాగుడు, తినుడు, పోవుడు, వచ్చుడు’ అంటాం. పుస్తకంలో ‘తాగడానికి, చూడడానికి’ అని రాసే చోట మా పాలమూరు వైపు ‘తాగనీకి, చూడనీకి’ అంటాం, మీ నల్లగొండ వైపు ‘తాగెటందుకు, చూసెటందుకు’ అని కూడా వింటాం. పుస్తక భాషలో ఈ రెండింటికీ మధ్యలో ‘అడ’ అనే మొదలు ఒకటే కావడం వల్ల చెవికి తేడా గట్టిగా తగలదు. మన మాటలో ‘ఉడు’ వేరు, ‘నీకి’ వేరు, ఏ ఇద్దరు పిల్లలూ వాటిని కలగలపరు. ‘ఉడు’ అంటే పనికి పెట్టిన పేరు. ‘నీకి’ అంటే ఇంకా చేయని, చేయబోయే పని వైపు చూపు. ఇంగ్లీషులో జెరండ్‌కూ, ‘టు’తో వచ్చే ఇన్ఫినిటివ్‌కూ ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఇదే.

ఒక పల్లెటూరి హైస్కూలులో పని చేస్తున్న రోజుల్లో ‘స్టాప్’ గురించి చెప్పవలసి వచ్చి, బోర్డు మీద రెండు తెలుగు వాక్యాలు మన మాటలోనే రాశాను. మొదటిది ‘మా నాయిన బీడీ తాగుడు ఆపిండు’. రెండవది ‘మా నాయిన బీడీ తాగనీకి ఆగిండు’. తరగతి అంతా ఒక్కసారి నవ్వింది. మొదటి వాక్యంలోని నాయిన బీడీ మానేసిన మంచివాడు, రెండవ వాక్యంలోని నాయిన ఎడ్లబండిని చెట్టు కింద నిలబెట్టి అగ్గిపుల్ల వెతుక్కుంటున్నవాడు. ఆ తరువాత వాటి పక్కనే ‘స్టాప్డ్ స్మోకింగ్’, ‘స్టాప్డ్ టు స్మోక్’ అని రాశాను. ఇంకేమీ వివరించవలసిన అవసరం రాలేదు. నువ్వు గమనించావో లేదో, మన తెలుగు ఇక్కడ క్రియను కూడా మార్చింది, ఒకటి ‘ఆపు’, ఇంకొకటి ‘ఆగు’. ఆపాడంటే దేనిని ఆపాడన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబు ‘తాగుడు’, అంటే కర్మ. ఆగాడంటే దేనికి ఆగాడన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబు ‘తాగనీకి’, అంటే ప్రయోజనం. ఇంగ్లీషు ‘స్టాప్’ అనే ఒక్క మాటతోనే ఈ రెండు పనులూ చేయించుకుంటుంది కాబట్టి, తేడా చూపే భారమంతా వెనుక వచ్చే రూపం మీద పడింది.

‘రిమెంబర్’, ‘ఫర్గెట్’ దగ్గర మన తెలుగు వేరే దారి పట్టినా తేడాను మాత్రం దాచదు. ‘తాళం వేసినట్టు గుర్తుంది’ అంటే వేయడం అయిపోయింది, ఆ జ్ఞాపకం ఇప్పుడు ఉంది. ఇది ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’. ‘తాళం వెయ్యాలని గుర్తు పెట్టుకో’ అంటే వేయడం ఇంకా ముందుంది. ఇది ‘రిమెంబర్ టు లాక్ ద డోర్’. చిన్నప్పుడు మా నాయన నన్ను నాగార్జునసాగర్‌కు తీసుకుపోయినప్పుడు 26 గేట్లలో ఎన్నో ఎత్తి ఉండగా ఆ నీటి తుంపరకు తడిసిపోయాను. ఆ చూసిన దాన్ని నేను మర్చిపోలేను, కాబట్టి ‘ఐ విల్ నెవర్ ఫర్గెట్ సీయింగ్ ఇట్’ అంటాను. కిందటి వారం బ్యాంకు పాస్‌బుక్కు తెచ్చుకోవడం మర్చిపోయాను, తేవడమన్నదే జరగలేదు, కాబట్టి ‘ఐ ఫర్గాట్ టు బ్రింగ్ ఇట్’ అంటాను.

‘ట్రై’ విషయంలో మన భాష ఇచ్చే సహాయం నాకు అన్నిటికంటే ఇష్టం. మోటారు స్టార్ట్ కావడం లేదనుకో. ‘స్టార్ట్ చేయనీకి ఎంతో తిప్పలు పడ్డ’ అంటే అది శ్రమ, ‘ట్రైడ్ టు స్టార్ట్’. పక్క పొలం ఆయన వచ్చి ‘ఫ్యూజు మార్చి చూడు’ అంటాడు. ఈ ‘మార్చి చూడు’, ‘అడిగి చూడు’, ‘తిని చూడు’ అన్నవన్నీ ఇంగ్లీషులో ‘ట్రై’ తరువాత ‘ఇంగ్’ అవుతాయి: ‘ట్రై చేంజింగ్ ద ఫ్యూజ్’. ఫ్యూజు మార్చడం కష్టమైన పని కాదు, మారిస్తే ఏమవుతుందో చూడమని అర్థం. ‘రిగ్రెట్’ కూడా ఇలాంటిదే. భూమి అమ్ముకున్నందుకు బాధపడేవాడు ‘రిగ్రెట్ సెల్లింగ్’ అంటాడు. దరఖాస్తు తిరస్కరించిన ఉత్తరంలో మాత్రం ‘వీ రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యూ’ అని ఉంటుంది, ఎందుకంటే ఆ చెప్పడం అప్పుడే, ఆ వాక్యంలోనే మొదలవుతున్నది.

ఇక ‘ఇంగ్’ ఉన్నదంతా జెరండేనా అని అడిగావు. కాదు. ఊళ్లో నీళ్ల ట్యాంకు మీద ‘డ్రింకింగ్ వాటర్’ అని రాసి ఉంటుంది. నీళ్లు తాగవు గదా! తాగడం కోసం ఉన్న నీళ్లని అర్థం, కాబట్టి అందులో ‘డ్రింకింగ్’ జెరండ్. ‘రన్నింగ్ వాటర్’ అంటే నీళ్లే పారుతున్నాయి, కాబట్టి ‘రన్నింగ్’ పార్టిసిపుల్, అంటే విశేషణంలా పని చేసే క్రియారూపం. తెలుగులో చెబితే ‘తాగే నీళ్లు’, ‘పారే నీళ్లు’. చూడు, మన భాష కూడా ఈ ఒక్క చోట రెండింటికీ ఒకే తోక తగిలించింది, అయినా మనకు ఎన్నడూ తికమక రాలేదు. ‘షి ఈజ్ రీడింగ్’లోని ‘రీడింగ్’ ‘చదువుతున్నది’ అనే క్రియలో భాగం. దాని బదులు ‘చదువుడు’ పెట్టి ‘ఆమె చదువుడు’ అంటే వాక్యం కుదరదు. ‘రీడింగ్ ఈజ్ హర్ హాబీ’ని ‘చదువుడు ఆమె అలవాటు’ అనవచ్చు. కుదిరితే జెరండ్, కుదరకపోతే కాదు.

జవాబు 3: నల్లగొండ డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు

వనపర్తి సార్ గారి ‘ఉడు, నీకి’ పద్ధతిని నేను కూడా తరగతిలో చెప్పి చూస్తాను, అంత బాగుంది. అయితే పరీక్షకు వెళ్లే అభ్యర్థి దాన్నే పూర్తిగా నమ్ముకుంటే ఎక్కడెక్కడ దెబ్బ తింటుందో కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటిది, చదువరి గారి ఈత. ‘ఈత కొట్టుడు నేర్చుకున్న’ అనే మనం అంటాం, ‘కొట్టనీకి నేర్చుకున్న’ అనం. అయినా ఇంగ్లీషులో ‘లర్న్’ తరువాత ‘టు స్విమ్’ రావాలి. ‘స్విమ్మింగ్’ను ఒక ఆట పేరుగా, ఒక సబ్జెక్టు పేరుగా తీసుకుని ‘లర్న్ స్విమ్మింగ్’ అనడం మన దగ్గర వినబడుతుంది, అది అంత పెద్ద నేరమేమీ కాదు గాని పరీక్షలో ఎంచుకోవలసినది ‘టు స్విమ్’. రెండవ వైపు నుంచి చూస్తే, ‘పొద్దున్నే లేవడానికి అలవాటు పడ్డాను’, ‘ఫీజు కట్టడానికి అభ్యంతరం చెప్పారు’ అన్న వాక్యాల్లో మనకు ‘కి’ ఉంది, అంటే ‘నీకి’ వైపు ఉంది. ఇంగ్లీషులో మాత్రం ‘యూజ్డ్ టు గెటింగ్ అప్’, ‘ఆబ్జెక్టెడ్ టు పేయింగ్’. ఇక్కడ మిర్యాలగూడ సార్ చెప్పిన ‘ఇట్’ పరీక్షే శరణ్యం. ఆ పరీక్షను ఇంగ్లీషు వాక్యానికే పెట్టాలి, తెలుగు వాక్యానికి పెట్టకూడదు. తెలుగులో ‘చలికి అలవాటు పడ్డాను’ అనీ అనవచ్చు, ‘అన్నానికి వచ్చాను’ అనీ అనవచ్చు, రెండూ నిలబడతాయి కాబట్టి ఏమీ తేలదు.

రెండవది, జెరండ్ జరిగిన పనికి, ఇన్ఫినిటివ్ జరగబోయే పనికి అన్న సూత్రం. ‘స్టాప్’, ‘రిమెంబర్’ వంటి ఐదారు క్రియలకు అది చక్కగా సరిపోతుంది. వాంట్, హోప్, డిసైడ్, ప్లాన్, ప్రామిస్, అగ్రీ, ఎక్స్‌పెక్ట్ అన్నీ ముందుకు చూసేవే, అన్నీ ‘టు’ తీసుకుంటాయి. ఎంజాయ్, అడ్మిట్, డినై, ఫినిష్ అన్నీ ఉన్న పని గురించో అయిపోయిన పని గురించో చెప్పేవి కాబట్టి జెరండ్ తీసుకుంటాయి. ఇంతవరకు బాగానే ఉంది. మరి ‘పోస్ట్‌పోన్’? వాయిదా వేసిన పని ఇంకా జరగనిదే. ‘అవాయిడ్’? తప్పించుకున్న పని అసలు జరగనే జరగదు. ‘కన్సిడర్’, ‘సజెస్ట్’, ‘రిస్క్’ అన్నీ జరగని పనుల గురించినవే, అయినా అన్నిటికీ జెరండే. నేను పిల్లలకు చెప్పేదేమిటంటే, ఈ క్రియల దగ్గర ఆ పని మన ముందు బల్ల మీద పెట్టిన ఒక వస్తువులా ఉంటుంది. దాన్ని పక్కకు జరుపుతామో, తిప్పి చూస్తామో, వేరొకరి ముందు పెడతామో అన్నదే ఆ క్రియ చెబుతుంది. ఇది కూడా నూటికి నూరు పాళ్లు పని చేసే సూత్రమని నేను అనను. ఇలాంటి పది పన్నెండు క్రియలను మాత్రం వల్లించక తప్పదు.

వాటిలో ‘సజెస్ట్’ దగ్గర తెలుగువారం ఎక్కువగా తప్పు చేస్తాం. ‘నన్ను నల్లగొండ వెళ్లమని సూచించారు’ అన్న వాక్యం మన మనసులో ఉంటుంది కాబట్టి ‘సజెస్టెడ్ మీ టు గో’ అని రాసేస్తాం. అది తప్పు. ‘సజెస్టెడ్ గోయింగ్’ అనాలి, లేదా ‘సజెస్టెడ్ దట్ ఐ గో’ అనాలి. అదే ‘అడ్వైజ్’ అయితే ‘అడ్వైజ్డ్ మీ టు గో’ సరైనదే. అడ్వైజ్, అలౌ, పర్మిట్ అనే క్రియలకు మధ్యలో మనిషి వస్తే ‘టు’ వస్తుంది, మనిషి లేకపోతే జెరండ్ వస్తుంది. ‘దే డు నాట్ అలౌ పార్కింగ్ హియర్’, కానీ ‘దే డు నాట్ అలౌ అస్ టు పార్క్ హియర్’.

మూడవది, ‘నేను రావడం ఆయనకు ఇష్టం లేదు’ వంటి వాక్యాలు. తెలుగులో ‘రావడం’ ముందు ‘నేను’ అనే కర్తనే పెడతాం. ఇంగ్లీషులో ‘ఐ కమింగ్’ అని ఎన్నడూ రాదు. ‘హి డజ్ నాట్ లైక్ మై కమింగ్’ అనేది పాత పద్ధతి, ‘మీ కమింగ్’ అనేది మాటల్లో మామూలుగా వినబడేది. ఈ రెండవ రూపాన్ని 20వ శతాబ్దం తొలినాళ్లలో హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ అనే ఇంగ్లండు వ్యాకరణవేత్త గట్టిగా వ్యతిరేకించారు గాని, జనం నోటిని ఆయన మార్చలేకపోయారు. పరీక్షలో రెండూ ఇస్తే ‘మై’ ఎంచుకోవడం క్షేమం.

ఇంకొక మాట, ఇది మార్కులకు పనికిరాదు. జెరండ్‌కూ పార్టిసిపుల్‌కూ ఒకే ‘ఇంగ్’ ఎందుకు ఉందని పిల్లలు అడుగుతుంటారు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో అవి ఒకటి కావు. చదువుతున్న అనే విశేషణానికి ‘ఎండే’ అనే తోక, చదవడం అనే పేరుకు ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’ అనే తోక ఉండేవి. తరువాతి కొన్ని శతాబ్దాల్లో అవి నలిగి నలిగి ఒకే ‘ఇంగ్’గా మిగిలిపోయాయి. ఇంగ్లీషుకు బంధువైన జర్మన్‌లో ‘ఎండ్’, ‘ఉంగ్’ అనేవి ఇప్పటికీ విడిగానే ఉన్నాయి.

దేవరకొండ చదువరి

అందరికీ ధన్యవాదాలు. వనపర్తి సార్ గారి జవాబును మా అమ్మకు చదివి వినిపిస్తే, ‘తాగనీకి ఆగుడు’ గురించి ఆమె కూడా నవ్వింది. ఈ రెండు రోజుల్లో నా సొంతంగా కొన్ని వాక్యాలు రాసుకున్నాను, తప్పులుంటే దిద్దగలరు.

‘ఐ యామ్ యూజ్డ్ టు వాక్ టు స్కూల్ వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్.’ ఇది ‘చిన్నప్పుడు బడికి నడిచి వెళ్లేదాన్ని’ అనే అర్థంలో రాశాను. ‘మై మదర్ ఈజ్ బిజీ టు కుక్.’ ‘ఐ కుడ్ నాట్ హెల్ప్ టు లాఫ్.’ ‘ఛాయా సోమేశ్వరాలయం ఈజ్ వర్త్ టు సీ.’ ‘మై మదర్ స్టాప్డ్ టు గో ఫర్ కూలీ వర్క్ లాస్ట్ ఇయర్.’ ఈ చివరి వాక్యం సరైనదేనని నా నమ్మకం.

జవాబు 4: వనపర్తి విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, మొదటి వాక్యంలో రెండు వేరు వేరు విషయాలను ఒకే మూటలో కట్టావు. ‘నడిచి వెళ్లేదాన్ని’ అంటే ఒకప్పటి సంగతి, ఇప్పుడు లేదు. దానికి ‘ఐ యూజ్డ్ టు వాక్’ అనాలి, ముందు ‘యామ్’ ఉండదు, వెనుక ‘ఇంగ్’ ఉండదు. ‘నడవడం నాకు అలవాటే’ అంటే ‘ఐ యామ్ యూజ్డ్ టు వాకింగ్’. ఇందులోని ‘టు’ ప్రిపొజిషన్, ‘ఇట్’ పెట్టి చూస్తే నీకే తెలుస్తుంది. తెలుగులో ‘వెళ్లేదాన్ని’ వేరు, ‘అలవాటు’ వేరు, రెంటికీ పోలికే లేదు, కాబట్టి తెలుగు వాక్యం ముందు సరిగ్గా అనుకుంటే తప్పు జరగదు. నీ అర్థానికి ‘యామ్’ తీసేస్తే చాలు.

రెండు, మూడు, నాలుగు వాక్యాలు మూడూ తప్పే, మూడింటికీ ఒకటే మందు. ‘బిజీ కుకింగ్’, ‘కుడ్ నాట్ హెల్ప్ లాఫింగ్’, ‘వర్త్ సీయింగ్’ అని దిద్దుకో. వీటి ముందు ప్రిపొజిషన్ కనబడదు, అయినా జెరండే రావాలి. ‘ఇట్ ఈజ్ నో యూజ్ ఆర్గ్యూయింగ్’, ‘ఫీల్ లైక్ ఈటింగ్’, ‘స్పెండ్ టైమ్ రీడింగ్’ కూడా ఈ గుంపులోవే. ‘నవ్వకుండా ఉండలేకపోయాను’ అన్నప్పుడు, ‘అడగకుండా తీసుకున్నాడు’ అన్నప్పుడు మనకు ‘కుండా’ వస్తుంది, అలాంటి చోట ఇంగ్లీషులో ‘ఇంగ్’ రావడం తరచుగా చూస్తావు. ‘వర్త్ సీయింగ్’కు ‘చూడదగ్గది’ అని గుర్తు పెట్టుకో. పానగల్లులోని ఆ సోమేశ్వరుని గుడి గురించి ఎంచుకున్నావు కాబట్టి ఇక మరచిపోవు, గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే ఆ నీడను చూసినవారెవరూ ‘చూడదగ్గది’ కాదనరు.

చివరి వాక్యాన్ని మళ్లీ చదువుకో. నువ్వు రాసిన దాని ప్రకారం మీ అమ్మ పోయిన ఏడాది ఏదో పని చేసుకుంటూ, కూలికి పోవడం కోసం ఆ పనిని మధ్యలో ఆపింది. నువ్వు చెప్పదలచుకున్నది అది కాదని నేను అనుకుంటున్నాను. మన మాటలో ఎలా అంటావో ఒక్కసారి పైకి అనుకుని చూడు.

జవాబు 5: మిర్యాలగూడ ట్యూషన్ సార్

మేడం గారు చెప్పిన వాటికి ఒకటి చేర్చాలి. బిగిన్, స్టార్ట్, కంటిన్యూ, లైక్, లవ్, హేట్, ప్రిఫర్ అనే క్రియల తరువాత ఏది పెట్టినా అర్థంలో చెప్పుకోదగ్గ తేడా రాదు కాబట్టి, పరీక్షలో వీటి గురించి సమయం వృథా చేసుకోవద్దు. ‘వుడ్ లైక్’ అని ఉంటే మాత్రం తప్పనిసరిగా ‘టు’ పెట్టాలి. ఈ ఒక్క మార్కును మా ట్యూషన్ పిల్లలు ఏటా పోగొట్టుకుంటారు.

దేవరకొండ చదువరి

సార్, పైకి అనుకున్నాను. ‘మా అమ్మ కూలికి పోవుడు ఆపింది.’ పోవనీకి ఆగలేదు. ‘స్టాప్డ్ గోయింగ్’ అని దిద్దుకున్నాను. ‘కూలీ వర్క్’ అన్న మాట ఇంగ్లీషులో రాయవచ్చో లేదో తెలియక దాన్ని తీసేసి, ‘మై మదర్ స్టాప్డ్ గోయింగ్ టు వర్క్ ఇన్ అదర్ పీపుల్స్ ఫీల్డ్స్ లాస్ట్ ఇయర్’ అని రాశాను. ఇందులో ‘గోయింగ్’ తరువాత ‘టు వర్క్’ వచ్చింది. ‘ఇట్’ పెట్టి చూస్తే ‘గోయింగ్ టు ఇట్’ అని నిలబడినట్టే ఉంది, నిలబడనట్టూ ఉంది. ఇక్కడ ‘వర్క్’ నామవాచకమా, క్రియా?

జవాబు 6: నల్లగొండ డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు

రెండు రకాలుగానూ చదవవచ్చు. ‘పనికి పోవుడు’ అనుకుంటే ‘వర్క్’ నామవాచకం, ‘పని చేయనీకి పోవుడు’ అనుకుంటే క్రియ. ఏ రకంగా చదివినా ఆ వాక్యంలో ‘వర్క్’కు ‘ఇంగ్’ రాదు, ఎందుకంటే ‘వర్క్’ అనే మాట నామవాచకంగా ఎప్పటి నుంచో ఉంది, దానికి మళ్లీ జెరండ్ అవసరం లేదు, క్రియ అనుకుంటే ఆ ‘టు’ క్రియ ముందు పెట్టే గుర్తే. మీ వాక్యం అలాగే ఉంచండి.